రూట్ కెనాల్ అయింది, నొప్పి పోయింది... ఇక క్యాప్ ఎందుకు?

ప్రశ్న:

డాక్టర్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, గాజువాక. నా వయసు 44. ఏడు నెలల క్రితం ఎడమవైపు కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నాను. పైన తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టి, రెండు వారాల్లో వచ్చి క్యాప్ వేయించుకోమన్నారు. నొప్పి పూర్తిగా పోయింది. మా వారివి షిఫ్టు డ్యూటీలు, పైగా అప్పుడే పిల్లల ఫీజులు కట్టాల్సి వచ్చింది. అలా వాయిదా వేస్తూ వచ్చాను. పోయిన వారం జంతిక కొరికితే ఆ పంటికి నాలుక వైపు ముక్క ఒకటి విరిగి చేతిలోకి వచ్చింది. నొప్పి మాత్రం లేదు. మా మరిది "నొప్పి లేని పంటికి క్యాప్ ఎందుకు వదినా, డబ్బు దండగ" అంటున్నాడు. కాల్షియం మాత్రలు వేసుకుంటే పన్ను గట్టిపడుతుందని మా అత్తగారు అంటున్నారు. వేరే క్లినిక్‌లో అడిగితే లోపల పోస్టు (వేరులో దించే సన్నని కడ్డీ) వేస్తే బలం వస్తుందని, జిర్కోనియా (పంటి రంగులో ఉండే గట్టి సిరామిక్) క్యాప్ అయితేనే వేయించుకోమని చెప్పారు. ఎవరి మాట వినాలి? ఇంకొక సంగతి. 19 ఏళ్ళ మా అబ్బాయికి క్రికెట్ బంతి తగిలి ముందు పన్ను దెబ్బతింటే రెండేళ్ళ క్రితం రూట్ కెనాల్ చేయించాం. ఇప్పుడు ఆ పన్ను బూడిద రంగుకు తిరిగింది. దానికి కూడా క్యాప్ వేయాల్సిందేనా?

ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం:

అమ్మా, ముందు చేయవలసిన పని చెబుతాను, కారణాలు తరువాత మాట్లాడుకుందాం. ఈ వారం దాటకుండా ఆ పన్నును దంతవైద్యుడికి చూపించండి. రూట్ కెనాల్ చేసిన వారి దగ్గరికే వెళ్ళగలిగితే మంచిది, పాత ఎక్స్‌రేలు వారి దగ్గర ఉంటాయి. అంతవరకు ఎడమవైపు ఏదీ నమలకండి, మెత్తని అన్నమైనా సరే. విరిగిన అంచు నాలుకకు గీసుకుంటున్నా దాన్ని గోటితోనో పిన్నుతోనో కెలకకండి. రెండు పూటలా మాత్రం ఆ పంటిని కూడా మెత్తటి బ్రష్‌తో తోమాలి. విరిగిందన్న భయంతో బ్రష్ తగలనివ్వకపోతే అక్కడ పాచి పేరుకుని చిగుళ్ళు వాస్తాయి, రేపు వైద్యుడు పని చేయబోతే రక్తం కారుతూ అడ్డం వస్తాయి.

"నొప్పి మాత్రం లేదు" అని రాశారు. ఆ మాట చూసి నేను ధైర్యపడలేకపోయాను. రూట్ కెనాల్‌లో చేసేదే పంటి లోపలి గుజ్జును, అందులోని నరాన్ని, రక్తనాళాలను తీసేసి, ఖాళీ అయిన సన్నని దారులను శుభ్రం చేసి, గట్టాపర్చా అనే రబ్బరు జాతి పదార్థంతో మూసివేయడం. చల్లని నీళ్ళు తగిలితే జివ్వుమనడం, పుచ్చు లోతుకు దిగితే సలపడం, ఇవన్నీ ఆ గుజ్జుతోనే పోయాయి. ఇకమీదట ఆ పంటికి మళ్ళీ పుచ్చు పట్టినా, లోపల్లోపలే డొల్ల అయినా మీకు ముందుగా తెలియజెప్పేది ఏదీ లేదు. ఆ పంటి దగ్గర మళ్ళీ నొప్పి మొదలైందంటే చాలాసార్లు అప్పటికే వేరు చివర ఎముక దాకా జబ్బు పాకి ఉంటుంది, లేదా ఆ పంటి వేరు చీలి ఉంటుంది. మీ మరిది మీ మేలు కోరే చెప్పి ఉంటారు. కానీ ఆ సలహా తప్పు.

నరం తీసేశాక పన్ను ఎండిపోయి పెళుసైపోతుందని చాలామంది అంటారు. వైద్యుల్లోనూ ఈ నమ్మకం ఎన్నో ఏళ్ళు ఉండేది. పరీక్షించి చూస్తే నరం ఉన్న పంటికీ తీసిన పంటికీ లోపలి డెంటిన్ (పైపెంకు ఎనామిల్ కింద ఉండే పంటి ముఖ్య భాగం) గట్టిదనంలో తేడా చాలా స్వల్పం. పన్ను బలహీనపడేది అందులోంచి పోయిన భాగం వల్ల. 1989లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఊడదీసిన పళ్ళ మీద ఒక్కో దశ పని చేస్తూ, ప్రతి దశలో వాటి బిగువు ఎంత తగ్గుతోందో కొలిచారు. రూట్ కెనాల్ కోసం పైన రంధ్రం చేస్తే తగ్గింది 5 శాతమే. అదే పంటికి ముందు వైపు, వెనక వైపు ఉన్న అంచు గట్లు రెండూ పోయేలా తవ్వితే 63 శాతం తగ్గింది. మన దగ్గర రూట్ కెనాల్ దాకా వచ్చే పళ్ళలో ఎక్కువ భాగం పక్క పంటికి ఆనుకుని ఉన్న చోట పుచ్చి, ఆ గట్లు అప్పటికే పోయినవి. మీ పంటిదీ అదే కథ అయి ఉంటుంది.

ఇప్పుడు నాలుక వైపు గోడే ఎందుకు విరిగిందో చెబుతాను. కింది దవడలో మొదటి పెద్ద పంటికి చెంప వైపు మూడు బొడిపెలు, నాలుక వైపు రెండు బొడిపెలు ఉంటాయి. పళ్ళు కలిపి నొక్కినప్పుడు పై పంటి బొడిపె సరిగ్గా ఈ రెండు వరసల మధ్య పల్లంలోకి వచ్చి కూర్చుంటుంది. నమిలిన ప్రతిసారీ అది రెండు గోడలనూ చెరోవైపుకు నెడుతుంది. పన్ను నిండుగా ఉన్నప్పుడు ఆ నెట్టుడును మొత్తం పన్ను పంచుకుంటుంది. మధ్యలో భాగమంతా పోయి మెత్తటి తాత్కాలిక ఫిల్లింగ్ ఉంటే, రెండు గోడలూ ఒంటరిగా నిలబడి దాన్ని మోయాలి. నాలుక వైపు గోడ విరగడం కింది దవడ పళ్ళలో తరచుగా కనిపించేదే. నరం తీసిన పంటి మీద ఎంత బలం పడుతోందో మనకు త్వరగా తెలియదని చూపిన పరిశోధనలూ ఉన్నాయి. కాబట్టి నిందంతా జంతిక మీద వేయనక్కరలేదు. బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తు తిన్నా, పీత కాలు పంటితో పగలగొట్టినా, మాంసంలో ఎముక కొరికినా అదే జరిగేది. ఏడు నెలలు ఆ గోడ ఆగడమే గొప్ప.

డబ్బు దండగ అన్న మాటకు లెక్కలతోనే జవాబు చెప్పాలి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు రూట్ కెనాల్ అయిన పళ్ళ రికార్డులను ఏళ్ళ తరబడి పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. క్యాప్ లేని పళ్ళు, క్యాప్ ఉన్న పళ్ళ కంటే ఆరు రెట్లు ఎక్కువగా పోయాయి. 2004లో వచ్చిన మరో అమెరికా అధ్యయనం బీమా రికార్డుల ద్వారా 14 లక్షలకు పైగా పళ్ళను గమనించింది. ఎనిమిదేళ్ళ తరువాత వాటిలో 97 శాతం నోట్లోనే ఉన్నాయి. తీసేయవలసి వచ్చిన కొద్దివాటిలో 85 శాతం పళ్ళకు పూర్తి తొడుగు లేదు. 2016లో ఆలస్యం గురించే ప్రత్యేకంగా ఒక అధ్యయనం వచ్చింది. నాలుగు నెలల లోపు క్యాప్ పడిన పళ్ళతో పోలిస్తే, ఆ తరువాత పడినవి దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ఊడదీయవలసి వచ్చింది. క్యాప్ వేయించుకున్నవారి పళ్ళు మొదటే కొంత మెరుగ్గా ఉండి ఉండవచ్చు, నోటి శుభ్రత మీద వారికి శ్రద్ధ ఎక్కువై ఉండవచ్చు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి. అయినా ఇన్ని లెక్కలు ఒకే వైపు చూపిస్తున్నప్పుడు దవడ పన్నును తొడుగు లేకుండా వదిలేయమని నేను ఎవరికీ చెప్పలేను. రూట్ కెనాల్‌కు పెట్టిన డబ్బు, అన్ని గంటలు నోరు తెరుచుకుని కూర్చున్న ఓపిక, ఇవి దక్కాలంటే చివరి మెట్టు ఎక్కాల్సిందే.

మీ విషయంలో నాకున్న పెద్ద బెంగ వేరే ఉంది. తాత్కాలిక ఫిల్లింగ్‌ను తయారు చేసిందే కొద్ది వారాల కోసం. నమిలేకొద్దీ అది అరుగుతుంది, అంచుల దగ్గర సందు పడుతుంది, ఆ సందులోంచి లాలాజలం, దానితో సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. ప్రయోగశాలలో గట్టాపర్చాతో నింపిన పంటి వేళ్ళను పైన మూత లేకుండా లాలాజలంలో ఉంచి చూస్తే నెల లోపే సూక్ష్మజీవులు వేరు చివరికి చేరాయి. నోట్లో సరిగ్గా అంతే వేగంగా జరుగుతుందని అనుకోనక్కరలేదు. కానీ మూడు నెలలకు పైగా లోపలి నింపుడు లాలాజలానికి తెరిచి ఉంటే, దాన్ని తీసేసి మళ్ళీ శుభ్రం చేసి నింపడమే మేలని వైద్యులు సాధారణంగా భావిస్తారు. మీ గోడ విరిగింది పోయిన వారమే అయినా, అంతకు ముందు ఫిల్లింగ్ ఏ స్థితిలో ఉందో తెరిచి చూస్తే తప్ప తెలియదు. కాబట్టి వైద్యుడు "రూట్ కెనాల్ మళ్ళీ చేయాలి" అంటే డబ్బు కోసం చెబుతున్నారని అనుమానించకండి. లోపల ఏం కనిపించిందో, ఎక్స్‌రేలో వేరు చివర ఎలా ఉందో చూపించమని అడగండి. చూపిస్తారు.

కుర్చీలో కూర్చున్నాక ఏం జరగాలో మీకు ముందే తెలిస్తే భయం తగ్గుతుంది, ప్రశ్నలు అడగడానికీ వీలవుతుంది. మొదట ఎక్స్‌రే. తరువాత సన్నని గీతల కొలత కడ్డీతో పంటి చుట్టూ చిగురు లోతు కొలుస్తారు. చుట్టూ మామూలుగా ఉండి ఒక్కచోట మాత్రం కడ్డీ సన్నగా, లోతుగా దిగిపోతే వేరు నిలువునా చీలిందని అనుమానించాలి. ఆ ఒక్క కొలత మీ పంటి భవిష్యత్తు చెప్పేస్తుంది కాబట్టి "కొలిచారా డాక్టర్ గారూ, ఎంత వచ్చింది?" అని అడగండి. ఆ తరువాత పంటి చుట్టూ రబ్బరు పలక బిగించి, తాత్కాలిక ఫిల్లింగ్, పుచ్చిన భాగం పూర్తిగా తీసేస్తారు. లోపలి నేల మీద నీలి రంగు మందు అద్ది కడిగితే, పగులు ఉన్న చోట వెంట్రుకంత సన్నని నీలి గీత మిగిలిపోతుంది. ఆ గీత పంటి గోడ వరకే ఉంటే ఆశ ఉంది. నేల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు పోతే పన్ను రెండుగా చీలిపోతున్నట్టు, దాని మీద క్యాప్ వేయడం అప్పుడు నిజంగానే డబ్బు దండగ.

ఇవన్నీ దాటాక అసలు ప్రశ్న వస్తుంది: చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది? ఎద్దుబండి చక్రం చుట్టూ కమ్మరి బిగించే ఇనుప పట్టా ఆకులు, చట్రం విడిపోకుండా ఎలా పట్టి ఉంచుతుందో, క్యాప్ అంచు మీ సొంత పన్నును చుట్టూరా అలా పట్టుకోవాలి. అందుకోసం ఫిల్లింగ్‌ను లెక్కలోకి తీసుకోకుండా, సొంత పన్ను చిగురు పైన చుట్టూ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఎత్తున, కనీసం ఒక మిల్లీమీటరు మందాన ఉండాలి. వినడానికి చిన్న కొలతే. రూట్ కెనాల్ అయిన పన్ను ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది మిగతా అన్ని విషయాల కన్నా దీని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నేను నమ్ముతాను. ఏ కంపెనీ క్యాప్, ఏ రంగు, ఏ సిమెంటు అన్నవి దీని తరువాతే.

మీకు నాలుక వైపు విరిగింది చిగురు పైనే అయితే ఇబ్బంది లేదు. చిగురు లోపలికి దిగి ఉంటే, ఆ వైపు కొద్దిగా చిగురునూ ఎముక అంచునూ సవరించి పన్ను బయటపడేలా చిన్న శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు. అది మానాక క్యాప్‌కు కొలతలు తీసుకుంటారు, కాబట్టి కొన్ని వారాలు ఆలస్యమవుతుంది. పంటి వేళ్ళు రెండూ విడిపోయే చోటు దాకా విరుపు దిగి ఉంటే, లేదా వేరు చీలి ఉంటే, ఆ పన్నును తీయించుకోవడమే మంచిది. ఆ మాట వినడం కష్టంగా ఉంటుంది. నిలవని పంటి మీద డబ్బు పోయడం కన్నా ఆ డబ్బు ఇంప్లాంటుకో (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) బ్రిడ్జికో (పక్క పళ్ళ ఆధారంతో కట్టే పన్ను) దాచుకోవడం నయం.

పోస్టు సంగతి. పోస్టు పంటికి బలం ఇస్తుందన్నది పాత నమ్మకం, ఇప్పటికీ చాలామంది అలాగే చెబుతున్నారు. వేరులో దిగ్గొట్టే ఆ కడ్డీ చేసే పని ఒక్కటే: పైన కట్టే ఫిల్లింగ్ దిమ్మను పట్టి ఉంచడం. దాన్ని అమర్చడానికి వేరు లోపల ఇంకా తవ్వాలి, తవ్విన మేరకు వేరు పలచబడుతుంది. దవడ పళ్ళలో గుజ్జు ఉండిన గది పెద్దది. రెండు మూడు గోడలు మిగిలి ఉంటే ఆ గదిలోనే గట్టి తెల్ల ఫిల్లింగ్‌ను అతికించి దిమ్మ కట్టవచ్చు, పోస్టు అక్కరలేదు. గోడలు దాదాపు అన్నీ పోయినప్పుడు మాత్రమే దాని అవసరం వస్తుంది. అప్పుడు కూడా కింది దవడ పంటికి వెనక వేరులో వేయాలి, అది లావుగా, కాస్త తిన్నగా ఉంటుంది. ముందు వేరు పలచన, వంపు ఎక్కువ, అక్కడ తవ్వితే పక్కకు చిల్లు పడే ప్రమాదం ఉంది. ఉక్కు కడ్డీ కన్నా ఫైబర్ పోస్టుకు నా ఓటు. డెంటిన్ కన్నా ఉక్కు దాదాపు పదిరెట్లు బిరుసు. పన్ను కొద్దిగా వంగినప్పుడు ఉక్కు దానితో పాటు వంగదు, బలమంతా వేరు మీద పడుతుంది. ఫైబర్ పోస్టు ఊడినా సాధారణంగా మళ్ళీ అతికించుకోవచ్చు, చీలిన వేరును అతికించలేం. ఏ పోస్టు వేసినా వేరు చివర నాలుగైదు మిల్లీమీటర్ల గట్టాపర్చా కదలకుండా ఉండాలి.

జిర్కోనియా అయితేనే మంచిది అన్నదానితో నేను ఏకీభవించను. మీది నవ్వినా కనబడని పన్ను. అక్కడ పూర్తి లోహపు క్యాప్ చక్కగా పనిచేస్తుంది. దానికోసం పన్నును తక్కువ అరగదీస్తే చాలు, అంచులు పలచగా, బిగువుగా కూర్చుంటాయి, పగిలే భయం లేదు. ధర కూడా తక్కువే. అయితే చవక లోహపు క్యాపుల్లో నికెల్ ఉంటుంది. గిల్టు నగలు పెట్టుకుంటే మీకు చెవులు, మెడ దురద పెట్టే గుణం ఉంటే ఆ సంగతి వైద్యుడికి చెప్పండి, నికెల్ లేని కోబాల్ట్-క్రోమియం అడగవచ్చు. నోట్లో లోహం కనబడకూడదు అనుకుంటే జిర్కోనియా మంచి ఎంపికే, గట్టిది, పంటి రంగులో ఉంటుంది. సర్దుబాటు కోసం రాపిడి చేసిన చోట దాన్ని అద్దంలా పాలిష్ చేయాలి, లేకపోతే ఎదుటి పన్నును అరగదీస్తుంది. లోహం మీద సిరామిక్ పూత ఉన్న క్యాపులు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నవే. వాటిలో పూత పెచ్చుగా లేచిపోవడం అప్పుడప్పుడు జరుగుతుంది. గ్యారంటీ కార్డు చూసి మాత్రం మోసపోకండి. పదేళ్ళని రాసినా పదిహేనేళ్ళని రాసినా ఆ కార్డు క్యాప్‌కే, దాని కింద ఉన్న మీ పంటికి కాదు. పన్ను పోతే ఆ క్యాప్‌ను ఏం చేసుకుంటాం?

కాల్షియం మాత్రల గురించి మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. పెద్దవయసు ఆడవాళ్ళకు ఎముకల కోసం వైద్యుడు రాస్తే కాల్షియం మంచిదే. ఒకసారి ఏర్పడిన పన్ను మాత్రం రక్తంలోని కాల్షియం తీసుకుని పోయిన గోడను కట్టుకోలేదు. పైనున్న ఎనామిల్‌లో ప్రాణమున్న కణాలే ఉండవు. లోపలి నుంచి కొత్త డెంటిన్ పేర్చే కణాలు గుజ్జుతో పాటు పోయాయి. అంతమాత్రాన అది చచ్చిన పన్ను అని దిగులు పడనక్కరలేదు. వేరు చుట్టూ ఎముకకూ పంటికీ మధ్య ఉండే సన్నని పొర బతికే ఉంటుంది, పన్నును పట్టుకుని ఉండేది అదే. పైపూతగా పంటికి నిజంగా మేలు చేసేది ఫ్లోరైడ్. పేస్టు మీద 1000 పీపీఎం లేదా అంతకు మించి ఫ్లోరైడ్ అని ఉందో లేదో చూసి కొనండి. క్యాప్ అంచు దగ్గర కొత్త పుచ్చు పట్టకుండా కాపాడేది అదీ, మీ బ్రషూ.

ఖర్చు గురించి. క్యాప్ వేయించలేని పరిస్థితే ఉంటే, "అయితే ఏమీ వద్దు" అని తాత్కాలిక ఫిల్లింగ్‌తో మాత్రం ఉండిపోకండి. మిగిలిన బొడిపెలను కాస్త తగ్గించి, వాటి మీద నుంచి కప్పేలా శాశ్వత తెల్ల ఫిల్లింగ్ అతికించమని అడగండి. క్యాప్‌తో సమానం కాదు, అయినా లోపలికి లాలాజలం దిగకుండా ఆపుతుంది, డబ్బు కూడే దాకా గోడలను కాస్తుంది. మీ వారి కంపెనీ వైద్య సదుపాయంలో పళ్ళ పని ఎంతవరకు వస్తుందో కనుక్కోండి. రూట్ కెనాల్ వస్తుంది, క్యాప్ రాదు అనే నిబంధనలు కొన్నిచోట్ల ఉంటాయి, కాబట్టి క్యాప్ గురించి విడిగా అడగాలి. విశాఖలో రుషికొండ దగ్గర గీతం దంత వైద్య కళాశాల, తగరపువలస వైపు సంగివలసలో అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాల ఉన్నాయి. దంత వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో ఈ పనులు చేస్తారు, ఖర్చు సాధారణంగా ప్రైవేటు క్లినిక్‌ల కన్నా తక్కువ. గాజువాక నుంచి రెండూ ఊరికి ఆ చివరే, ఒక్కో సిట్టింగు ఎక్కువసేపు పడుతుంది, ఎక్కువసార్లు తిరగాలి. మీ వారికి వారపు సెలవు వచ్చే రోజులు చూసుకుని ముందే తేదీలు తీసుకుంటే ఈసారి వాయిదా పడదు.

ఇక మీ అబ్బాయి పన్ను. ఇక్కడ నా సలహా పూర్తిగా తిరగబడుతుంది: తొందరపడి క్యాప్ వేయించకండి. ముందు పళ్ళ మీద పడే బలం వేరు, దవడ పళ్ళను చీల్చే నెట్టుడు వాటికి ఉండదు. వెనక వైపు చిన్న రంధ్రం తప్ప మిగతా పన్ను నిండుగా ఉంటే మంచి తెల్ల ఫిల్లింగ్ చాలు. 1984లోనే ఒక పెద్ద పరిశీలన ముందు పళ్ళకు క్యాప్ వల్ల అదనపు ఆయుష్షు ఏమీ రాలేదని చూపింది. క్యాప్ కోసం చుట్టూ అరగదీస్తే ఇప్పుడున్న బలం కూడా పోతుంది. పందొమ్మిదేళ్ళ పిల్లవాడు, ఆ క్యాప్‌ను ముందుముందు రెండు మూడుసార్లు మార్చవలసి రావచ్చు, మార్చిన ప్రతిసారీ సొంత పన్ను ఇంకాస్త తరుగుతుంది.

బూడిద రంగు ఎందుకు వచ్చిందంటే, దెబ్బ తగిలినప్పుడు లోపల చిందిన రక్తం రంగు డెంటిన్‌లోకి ఇంకి ఉండవచ్చు. గుజ్జు గది పై మూలల్లో కాస్త గుజ్జు మిగిలిపోయి ఉండవచ్చు, లేదా వేరు నింపిన పదార్థం పైదాకా ఉండిపోయి ఉండవచ్చు. దీనికి పంటి లోపలి నుంచే తెలుపు చేసే పద్ధతి ఉంది. వెనక రంధ్రం తెరిచి, ఆ గదిని శుభ్రం చేసి, గట్టాపర్చా పైన గట్టి సిమెంటు పొర వేసి, సోడియం పర్‌బోరేట్‌ను నీళ్ళతో ముద్దగా కలిపి లోపల పెట్టి మూసేస్తారు. కొన్ని రోజులకోసారి ఆ ముద్దను మారుస్తారు, రంగు పక్క పళ్ళతో కలిసే దాకా అలా కొన్నిసార్లు తిరగాలి. గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి వేడి పెట్టే పాత పద్ధతి మాత్రం ఒప్పుకోకండి, అది పంటి మెడ దగ్గర, అంటే చిగురు అంచున, వేరును కొరుక్కుతినే జబ్బుకు దారితీయవచ్చు. ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక ఎక్స్‌రే తప్పనిసరి. దెబ్బ తిన్న పంటి వేరు ఏళ్ళ తరువాత కూడా లోపల్లోపల కరగవచ్చు. కొన్నేళ్ళకు రంగు మళ్ళీ కాస్త దిగినా, ఇదే పని మళ్ళీ చేయించుకోవచ్చు. పంటిలో సగం పైగా విరిగి ఉంటేనో, పాత ఫిల్లింగులు పెద్దవిగా ఉంటేనో అప్పుడు క్యాప్ మాట ఆలోచిద్దాం. ఇంకా ఆడుతూనే ఉంటే, బ్యాటింగ్‌కూ కీపింగ్‌కూ నోటికి రక్షణ తొడుగు కొనిపెట్టండి. దంతవైద్యుడు కొలత తీసి చేయించేది అయితే మాట్లాడటానికి అడ్డు రాదు, పిల్లలు పెట్టుకుంటారు.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను. క్యాప్ బిగించే రోజున సిమెంటు పెట్టకముందే రెండు విషయాలు చూడమనండి. పక్క పంటికీ దానికీ మధ్య దారం దింపితే కాస్త బిగువుగా, టక్కున దిగాలి. సందు వదులైతే ప్రతి పూటా అక్కడ కూర పీచు ఇరుక్కుంటుంది. రంగు కాగితం కొరికించినప్పుడు క్యాప్ మీద గుర్తు మిగతా పళ్ళ కన్నా ముదురుగా పడకూడదు. మత్తు ఇచ్చి ఉంటే ఎత్తు సరిగా తెలియదు. ఇంటికి వెళ్ళాక ఆ పన్నే ముందు తగులుతున్నట్టు అనిపిస్తే "అలవాటైపోతుందిలే" అనుకోకుండా మర్నాడే వెళ్ళి సరిచేయించుకోండి. నిద్రలో పళ్ళు నూరే అలవాటు ఉందని మీ వారు ఎప్పుడైనా అన్నారా? అంటే, రాత్రిపూట పెట్టుకునే ప్లాస్టిక్ పలక కూడా చేయించుకోవాలి, లేకపోతే ఎంత మంచి క్యాప్ అయినా, కింద వేరైనా దెబ్బతింటుంది.

తరువాత ఏడాదికి ఒక ఎక్స్‌రే తీయించండి. వేరు చివర ఎముక పూర్తిగా మానిందో లేదో తేలడానికి కొన్నిసార్లు నాలుగేళ్ళు పడుతుంది. క్యాప్ ఊడి చేతిలోకి వస్తే పారేయకండి, ఇంట్లో ఉన్న జిగురుతో అతికించుకోకండి, శుభ్రంగా కడిగి డబ్బాలో పెట్టుకుని ఒకటి రెండు రోజుల్లో తీసుకెళ్ళండి. కింద పన్ను బాగుంటే చాలాసార్లు అదే క్యాప్ మళ్ళీ వాడవచ్చు. ఆ పంటి దగ్గర చిగురు మీద చిన్న మొటిమలా లేచి, చీము కారి, నొప్పి లేకుండానే మానిపోవడం ఎప్పుడైనా కనిపిస్తే, మానింది కదా అని ఊరుకోవద్దు. మీరు వెళ్ళేసరికి అది కనబడకపోవచ్చు, కాబట్టి లేచిన రోజునే ఫోనులో ఫొటో తీసి పెట్టుకుని వైద్యుడికి చూపించండి.